పత్తర్‌గట్టి నుంచి హద్రమౌత్ దాకా: వలస వచ్చిన పూర్వీకుల జాడ తీసేవారికి హక్కులు, నియమాలు

మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు నడుస్తుంటే రెండు పక్కలా కనిపించే రాతి కమానుల బజారే పత్తర్‌గట్టి. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నగరాన్ని చక్కదిద్దిన కాలంలో దీనికి ఈ రూపం వచ్చింది. ఇక్కడ షేర్వానీలు, ముత్యాలు, అత్తర్లు కొనడానికి నగరంలోని బార్కస్, సలాలా బస్తీల నుంచి వచ్చే కుటుంబాల్లో చాలామంది పూర్వీకులు ఇప్పటి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం వాళ్లు. నిజాం కొలువులో సిపాయిలుగా వచ్చి ఇక్కడే పెళ్లిళ్లు చేసుకుని స్థిరపడ్డారు. వాళ్ల వారసులనే మనం చావూష్‌లు అంటున్నాం. బజారుకు ఆనుకునే ఉన్న దివాన్ దేవ్‌డీలో సాలార్ జంగులు కాపురముండేవారు. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్ జంగ్‌కు ఈ అరబ్ దళాలను అదుపులో పెట్టడం పెద్ద పని అయింది.

ఆ కుటుంబాల్లో పిల్లలు ఇప్పుడు ముత్తాత పేరు, ఊరు, తెగ తెలుసుకోవాలనుకుంటున్నారు. పెద్దవాళ్లలో కొందరికి పాత కాగితాలు కదిపితే ఏమవుతుందోనన్న బెరుకు ఉంది. ఆ బెరుకు పోవాలనే ఈ ప్రశ్నోత్తరాలు. వెదుకులాట యెమెన్‌లో కాదు, హైదరాబాద్ దఫ్తర్లలో మొదలవ్వాలి. ఆ కాగితాలు అడగడానికి చట్టం మీకు గట్టి ఆధారమే ఇచ్చింది.

మా ముత్తాత ఏ ఓడలో వచ్చాడో చెప్పే జాబితా ఎక్కడైనా ఉంటుందా?

ఆ ఆశతో మొదలుపెడితే తొందరగా నిరుత్సాహపడతారు. అమెరికాకు వెళ్లిన జర్మన్ కుటుంబాలకు 1850 నుంచి 1934 దాకా హాంబర్గ్ రేవు ప్రయాణికుల జాబితాలు ఉన్నాయి. 1860 నుంచి 1911 దాకా మద్రాసు, కలకత్తా రేవుల నుంచి నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన లక్షా యాభై రెండు వేల మంది పేర్లు కూడా తండ్రి పేరుతో, ఊరి పేరుతో సహా రిజిస్టర్లలో దొరుకుతాయి. దక్షిణాఫ్రికాలోని తెలుగువాళ్లు వాటిని పట్టుకునే తమ పల్లెలు కనుక్కుంటున్నారు. అక్కడ ప్రభుత్వం ఒప్పందం రాయించి పంపింది కాబట్టి మనిషి మనిషికీ కాగితం పుట్టింది.

హద్రమీలు అలా రాలేదు. షిహర్, ముకల్లా రేవుల నుంచి తెరచాప పడవల్లో, తర్వాత స్టీమర్లలో బొంబాయి చేరి, అక్కడి నుంచి దక్కనుకు వచ్చారు. 1874లో వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం వచ్చాక దారి సులువైంది. అన్న పిలిస్తే తమ్ముడు, మేనమామ పిలిస్తే మేనల్లుడు వచ్చారు. వాళ్ల పేరు మొదటిసారి సర్కారు కాగితంమీదికి ఎక్కేది సాధారణంగా జీతాల పట్టీలోనే.

అందుకే ముందు అడగాల్సింది ఓడ పేరు కాదు, జమేదార్ పేరు, అంటే దళ నాయకుడి పేరు. మీ పూర్వీకుడు ఎవరి కింద పనిచేశాడు? ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ, అబ్దుల్లా బిన్ అలీ అల్ ఔలకీ, గాలిబ్ బిన్ ముహ్సిన్ అల్ కసీరీ... పంతొమ్మిదో శతాబ్దపు హైదరాబాద్‌లో పేరుమోసిన అరబ్ జమేదార్లు వీళ్లు. ముగ్గురూ ఇక్కడ సంపాదించిన డబ్బుతో అక్కడ రాజ్యాలు కట్టుకోవాలని చూశారు. ఖుఐతీలు గెలిచారు. 1881లో ముకల్లా వాళ్ల చేతికి వచ్చింది, 1888లో బ్రిటిష్‌వాళ్లతో రక్షణ ఒప్పందం కుదిరింది, 1967 దాకా ఆ సుల్తానత్ నిలిచింది. సుల్తాను అయ్యాక కూడా ఆ వంశం నిజాం కొలువులో జమేదారీని వదులుకోలేదు. జర్మన్ చరిత్రకారిణి ఉల్రికె ఫ్రైటాగ్ 2003లో వెలువరించిన పుస్తకంలో ఈ రాకపోకల చరిత్ర వివరంగా ఉంది. జమేదార్ ఎవరో తేలితే ఏ దఫ్తరు తెరవాలో తేలినట్టే.

ఆ దఫ్తర్లు ఎక్కడున్నాయి? మామూలు మనిషిని చూడనిస్తారా?

చూడనిస్తారు. మొదట వెళ్లాల్సింది తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర పురావస్తు పత్రాల కార్యాలయానికి. అందరూ స్టేట్ ఆర్కైవ్స్ అనే అంటారు. మొగలాయీల దక్కన్ పాలన నుంచి నిజాం రాజ్యం చివరి దాకా పత్రాలున్నాయి. 1880వ దశకం దాకా ఎక్కువగా ఫార్సీలో, ఆ తర్వాత ఉర్దూలో ఉంటాయి. అరబ్ దళాలు ఉన్న శాఖ పేరు నజ్మ్-ఎ-జమీయత్. దరఖాస్తులో ఆ పేరు రాయండి. ‘మా కుటుంబ చరిత్ర కావాలి’ అని రాస్తే సిబ్బందికి ఏ బస్తా విప్పాలో తెలియదు. పూర్వీకుడి పేరు, తండ్రి పేరు, జమేదార్ పేరు, అంచనా సంవత్సరం, శాఖ రాసి, గుర్తింపు పత్రం జతచేయండి.

రెసిడెన్సీ, అంటే తర్వాత కోఠీ మహిళా కళాశాల అయిన భవనంలో ఉండిన బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం తాలూకు పత్రాలు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. అరబ్బుల రాకపోకలపై బ్రిటిష్‌వాళ్లు కన్నేసి ఉంచేవారు కాబట్టి అక్కడి ఫైళ్లు పనికొస్తాయి. కేంద్ర పత్రాలకు వర్తించేది 1993 పబ్లిక్ రికార్డుల చట్టం. ముప్పై ఏళ్లు దాటి, అక్కడికి చేరి, రహస్యమని ముద్ర పడని పత్రాలను నిజమైన పరిశోధకులకు చూపించవచ్చని అందులోని 12వ సెక్షన్ చెబుతుంది. ‘పరిశోధకులు’ అన్న మాట చూసి వెనక్కి తగ్గొద్దు. ఏం వెదుకుతున్నారో, ఎందుకో స్పష్టంగా రాసి నమోదు చేసుకోండి. కొన్ని పత్రాలు అభిలేఖ్ పటల్ అనే వాళ్ల పోర్టల్‌లో ఇంటి నుంచే చూడొచ్చు.

అడెన్ 1932 దాకా బొంబాయి ప్రభుత్వం కింద ఉండేది. కాబట్టి ముకల్లా, షిహర్ వ్యవహారాల ఉత్తర ప్రత్యుత్తరాలకు ముంబైలోని మహారాష్ట్ర ఆర్కైవ్స్ చూడాలి. లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో అడెన్ పత్రాలకు విడిగా ఒక విభాగమే ఉంది.

పత్రం దొరికాక చదివేదెవరన్నది అసలు ఇబ్బంది. షికస్తా రాత ఉర్దూ బాగా వచ్చినవాళ్లకు కూడా ఓ పట్టాన అంతుపట్టదు. పత్తర్‌గట్టి పక్కనే ఛత్తా బజార్‌లో పెళ్లిపత్రికలు రాసే కాతిబుల్లో పాత రాత చదవగలిగిన పెద్దవాళ్లు ఉంటే అడగండి. చదివించుకున్న మాటను అక్కడికక్కడే రాయించుకోండి.

ఆర్టీఐ కింద అడగొచ్చా?

భారత పౌరులైతే అడగొచ్చు. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల్లో జవాబు. రాకపోతే ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు. దానిపైనా తృప్తి కలగకపోతే తొంభై రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

పూర్వీకుల విషయంలో 2005 సమాచార హక్కు చట్టంలోని 8(3) సెక్షన్ మీకు బలమైన ఆయుధం. దరఖాస్తు తేదీకి ఇరవై ఏళ్ల ముందు జరిగిన విషయమైతే, దేశ భద్రత, చట్టసభల హక్కులు, మంత్రివర్గ పత్రాలకు చెందిన మినహాయింపులు తప్ప మిగతావి అడ్డు రాకూడదని అది అంటుంది. ‘ఇది వ్యక్తిగత సమాచారం’ అని తిప్పి పంపితే అప్పీలులో ఈ సెక్షన్ రాయండి. వ్యక్తిగత సమాచారపు మినహాయింపును 2023 డేటా రక్షణ చట్టం ఇంకా బిగించింది గానీ 8(3)లో దానికి చోటు లేదు.

ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోండి. ఉన్న కాగితం ఇవ్వడమే అధికారి బాధ్యత. వెదికి వంశవృక్షం గీసివ్వడం, ఫార్సీని అనువదించడం ఆయన పని కాదు. ఫైలు నంబరు తెలిస్తే ఆర్టీఐ వేయండి. తెలియకపోతే ముందు సెర్చ్ రూమ్‌లో కూర్చోవాలి.

తాత మరణం నమోదై ఉందో లేదో తెలియదు. రిజిస్టరు నేనే వెదికించుకోవచ్చా?

వెదికించుకోవచ్చు. జనన మరణాల నమోదు చట్టం, 1969లోని 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రుసుము కట్టి రిజిస్ట్రార్ చేత వెదికించి నకలు తీసుకోవచ్చు. మరణ కారణం మాత్రం నకలులో చూపరు. నమోదే కాలేదని తేలితే ఆలస్య నమోదుకు దారి ఉంది. ఏడాది దాటిన వాటికి ఇదివరకు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాల్సివచ్చేది. 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ లేదా అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు చాలు.

కాగితంమీద 1330 అని ఉంది. ఇదేం సంవత్సరం?

హిజ్రీ అయినా కావచ్చు, ఫస్లీ అయినా కావచ్చు. రెంటికీ తేడా పెద్దది. నిజాం సర్కారు పాలనా పత్రాల్లో ఫస్లీ నడిచింది. దానికి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1330 ఫస్లీ అంటే 1920–21. అదే 1330 హిజ్రీ అయితే 1911–12. సమాధి రాళ్లమీద, నికాహ్ పత్రాలమీద హిజ్రీయే ఎక్కువ. నెల పేరు చూస్తే తేలిపోతుంది: ఆజుర్, దై, బహ్మన్ అని ఉంటే ఫస్లీ, ముహర్రం, సఫర్, రజబ్ అని ఉంటే హిజ్రీ. దీన్ని పట్టించుకోకపోతే తండ్రీకొడుకులు ఒకే మనిషైపోతారు.

ఇంట్లో చేతిరాత షజరా (వంశవృక్షం) ఉంది. దానికి కోర్టులో విలువ ఉంటుందా?

ఉంటుంది, షరతులతో. వివాదం పుట్టకముందు, చనిపోయిన కుటుంబ సభ్యులు బంధుత్వం గురించి చెప్పిన మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చు. వీలునామా, కుటుంబ వంశవృక్షం, సమాధి రాయి, కుటుంబ చిత్రపటం మీద రాసిన మాటకూ అదే వర్తిస్తుంది. పాత సాక్ష్య చట్టం 32వ సెక్షన్‌లో ఉన్న ఈ నియమం, 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 26వ సెక్షన్ అయింది. ముప్పై ఏళ్లు దాటిన పత్రం సరైన చోటు నుంచే బయటికి వస్తే అది అసలుదేనని కోర్టు భావించవచ్చు. ఇది 92వ సెక్షన్. అందుకే షజరాను లామినేషన్ చేయించకండి, మాసిన అక్షరాలను కొత్త సిరాతో దిద్దకండి. ఫొటో తీసి, ఎవరి దగ్గర ఎప్పటి నుంచి ఉందో విడిగా రాసి పెట్టండి.

కాని షజరా ఉన్నంతమాత్రాన ఆస్తి హక్కు రాదు. వారసత్వం వేరే లెక్క, దానికి వేరే రుజువు కావాలి.

సొంత షజరా లేనివాళ్లకు సర్కారే ఒకటి తయారుచేసి ఉంచిన సందర్భాలున్నాయి. ఇనాం, మన్సబ్, మఆష్ ఉన్న మనిషి చనిపోతే విరాసత్ (వారసత్వ) విచారణ జరిగేది. వారసులెవరు, భార్యలెందరు, కొడుకులూ కూతుళ్లూ ఎవరు అని సాక్షులను పిలిచి రాసేవారు. 1949లో జాగీర్లు రద్దయ్యాక ఇలాంటి కేసులు 1952 అతియాత్ విచారణల చట్టం కిందికి వచ్చాయి. ఒక్క విరాసత్ ఫైలు దొరికితే మూడు తరాలు ఒకేచోట కనిపిస్తాయి. పాత ఇల్లు అమ్మకపు దస్తావేజు ఉంటే రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని 57వ సెక్షన్ కింద ఒకటో పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. రిజిస్టరైన వీలునామా నకలు మాత్రం రాసినవారు పోయాకే ఇతరులకు ఇస్తారు.

అందరూ మగవాళ్ల పేర్లే చెబుతారు. మా ముత్తవ్వ ఎవరో ఎలా తెలుసుకోవాలి?

ఈ ప్రశ్న అందరూ అడగాలని నా కోరిక. హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లలో అత్యధికులు ఒంటరి మగవాళ్లు. అంటే ఇక్కడి చావూష్ కుటుంబాల అమ్మమ్మలు, నానమ్మలు చాలామటుకు దక్కనీ ఆడవాళ్లే. విదేశంలో పుట్టిన ఇలాంటి పిల్లలను హద్రమౌత్‌లో మువల్లద్‌లు అంటారు. ‘బిన్’ అంటూ సాగే నామావళి తండ్రి, తాత, ముత్తాతలను మోసుకొస్తుంది గానీ ఆమెను గడప దగ్గరే వదిలేస్తుంది. సగం రక్తాన్ని వదిలేసి గీసిన వంశవృక్షం నిజం చెప్పినట్టు కాదు.

ఆమె జాడకు గట్టి ఆధారం నికాహ్. ఖాజీల దగ్గరుండే సియాహా అనే నికాహ్ రిజిస్టరులో వధువు పేరు, ఆమె తండ్రి పేరు, మెహర్, వకీలు, సాక్షుల వివరాలుంటాయి. పెళ్లి ఏ మొహల్లాలో జరిగిందో తెలిస్తే ఏ ఖాజీ పరిధో తెలుస్తుంది. నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగం వివాహ ధ్రువపత్రాలు ఇస్తుంది. అక్కడ తేదీ, దంపతుల పేర్లతో దరఖాస్తు పెట్టండి. రెండో ఆధారం పైన చెప్పిన విరాసత్ ఫైలు: వితంతువులకు, కూతుళ్లకు షరీయత్ ప్రకారం వాటా ఉంది కాబట్టి వాళ్ల పేర్లు రాయక తప్పేది కాదు. మూడోది ఇంట్లో పెద్దావిడ జ్ఞాపకం. ఆమె పుట్టింటివాళ్లు ఏ జిల్లావాళ్లు, ఏ భాష మాట్లాడేవాళ్లు, పెళ్లికి ముందు ఆమెను ఏమని పిలిచేవారు అని అడిగి రికార్డు చేసుకోండి. ఇంట్లో తెలుగు మాట్లాడిన నానమ్మ ఉంటే అది దాచుకోవాల్సిన సంగతి కాదు, రాసుకోవాల్సిన సంగతి.

పూర్వీకులు యెమెన్ నుంచి వచ్చారని కాగితంమీద తేలితే మా పౌరసత్వానికి ముప్పా?

ఇల్లిల్లూ అడిగే ప్రశ్న ఇది. తాత విదేశంలో పుట్టాడన్న ఒక్క కారణంతో మనవడి పౌరసత్వం పోదు.

లెక్క ఇలా ఉంటుంది. పౌరసత్వానికి చెందిన రాజ్యాంగ అధికరణాలు 1949 నవంబరు 26నే అమల్లోకి వచ్చాయి. ఆ రోజుకు భారత భూభాగంలో స్థిరనివాసం ఉండి, ఇక్కడ పుట్టినవాళ్లు, తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టినవాళ్లు, లేదా అంతకు ముందు కనీసం ఐదేళ్లు ఇక్కడే నివసించినవాళ్లు ఐదో అధికరణం కింద పౌరులయ్యారు. ముకల్లాలో పుట్టి 1930లలో వచ్చి బార్కస్‌లో కాపురం పెట్టిన తాత మూడో తరగతిలోకి వస్తాడు. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 మధ్య ఇక్కడ పుట్టినవాళ్లు, విదేశీ దౌత్యవేత్తల పిల్లల వంటి కొద్ది మినహాయింపులు తప్ప, 1955 పౌరసత్వ చట్టం మూడో సెక్షన్ కింద పుట్టుకతోనే పౌరులు. తల్లిదండ్రులు ఎవరన్న ప్రశ్నే రాదు. 1987 జూలై 1 నుంచి పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి ఇద్దరూ పౌరులు కావాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి.

కాబట్టి పూర్వీకుడు ఎప్పటి నుంచి ఇక్కడున్నాడో చూపే పాత కాగితం మీకు ముప్పు తేదు, రక్షణ ఇస్తుంది. అలాంటి వాటిలో ముల్కీ సర్టిఫికెట్ విలువైనది. 1919 నాటి ముల్కీ నిబంధనల కింద ఇక్కడ పుట్టినవాళ్లకు, పదిహేనేళ్లు స్థిరంగా నివసించినవాళ్లకు అది దక్కేది. తాత సర్కారు కొలువులో చేరి ఉంటే ఇంట్లో ఏ ట్రంకుపెట్టెలోనో అది ఉండొచ్చు.

1948లో మా పెదతాతను పట్టుకెళ్లారని చెబుతారు. ఆ తర్వాత జాడ లేదు.

సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య తర్వాత నగరంలోని అరబ్బులను పెద్దసంఖ్యలో నిర్బంధించారు. వారిలో కొందరిని దేశం నుంచి పంపేశారు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లను కూడా విదేశీయులుగా చూడాలా అన్న మీమాంస ప్రభుత్వంలోనే నడిచింది. ఇంట్లో ఎవరూ నోరు విప్పని విషయాలు చాలా ఇళ్లల్లో ఇక్కడే ఉంటాయి. అడిగేటప్పుడు పెద్దవాళ్లను తొందరపెట్టకండి. పత్రాలకు రెండు చోట్లు: తార్నాకలో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వ ఫైళ్లు, ఢిల్లీలో అప్పటి కేంద్ర రాష్ట్రాల శాఖ ఫైళ్లు. ఇరవై ఏళ్లు ఎప్పుడో దాటాయి, 8(3) సెక్షన్ ఇక్కడా మీ వైపే ఉంది.

స్కూలు కాగితాల్లో మమ్మల్ని ‘షేక్’ అని రాశారు. బీసీ-ఇ అడగొచ్చా?

జాగ్రత్తగా అడుగు వేయండి. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చిన 2007 చట్టం జాబితాలో షేక్ ఉంది, సిద్ది, హబ్షీ ఉన్నాయి. కాని ‘ఇతర ముస్లిం వర్గాలు’ అన్న చివరి పద్దులో మినహాయించిన వాటి సరసన సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీతో పాటు అరబ్ అని స్పష్టంగా రాశారు. ఆ చట్టం మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒకచేత్తో హద్రమీ షజరా పట్టుకుని మరోచేత్తో బీసీ-ఇ దరఖాస్తు పెడితే తహసీల్దారు అడిగే ప్రశ్నకు జవాబుండాలి. తప్పుడు కులపత్రం తీసుకుంటే 1993 నాటి కులపత్రాల చట్టం కింద రద్దు, శిక్ష రెండూ ఉన్నాయి. పేదరికంలో ఉన్న చావూష్ కుటుంబాలను వంశం పేరుతో బయట నిలబెట్టడం న్యాయమని నాకు అనిపించదు. అది మారాల్సింది చట్టసభలో, దొంగ కాగితంతో కాదు. రిజర్వేషన్ జాబితాల్లో లేని కుటుంబాలకు ఏడాది ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండి, ఆస్తి షరతులకు లోబడితే ఈడబ్ల్యూఎస్ పది శాతం కోటా ఉంది. మైనారిటీ గురుకులాల వంటి వాటికి వంశంతో సంబంధమే లేదు.

విదేశాల్లో స్థిరపడిన మా శాఖవాళ్లకు ఓసీఐ వస్తుందా?

వాళ్లు గాని, తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతల్లో ఒకరు గాని భారత పౌరులై ఉంటే సాధారణంగా అర్హత ఉంటుంది. ఈ వంశపత్రాలు అక్కడే అక్కరకొస్తాయి. అయితే వాళ్లు గాని, ఆ మూడు తరాల్లో ఎవరైనా గాని పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులై ఉంటే రాదు. ఇక మీరే మరో దేశపు పౌరసత్వం కోరి తీసుకుంటే భారత పౌరసత్వం ఆ క్షణంతో ముగుస్తుంది. ఇక్కడ రెండు పౌరసత్వాలు లేవు.

డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే సరిపోదా?

వై క్రోమోజోము పరీక్ష తండ్రి, తండ్రి తండ్రి అన్న ఒక్క వరుసనే చూపిస్తుంది. తెగ పేరు, ఊరు పేరు అందులో రాసి ఉండవు. పైగా మీ ఫలితం మీ అన్నదమ్ముల గురించీ చెబుతుంది, వాళ్లను అడగకుండా ఇవ్వొద్దు.

అన్నీ తేలాక హద్రమౌత్ వెళ్లి రావచ్చా?

మన ప్రభుత్వం 2017లో భారతీయుల యెమెన్ ప్రయాణాన్ని నిషేధించింది. అనుమతి లేకుండా వెళ్తే పాస్‌పోర్టు చట్టం కింద చర్య ఉంటుంది. వేరే దేశం మీదుగా దూరితే ఎవరికీ తెలియదని ఏజెంటు చెప్పే మాట నమ్మకండి. తప్పనిసరి కారణముంటే విదేశాంగ శాఖకు ముందుగా దరఖాస్తు పెట్టి రాతపూర్వకంగా అనుమతి పొందాలి. కాదంటే హైకోర్టుకు వెళ్లినవాళ్లున్నారు. ఈలోగా అక్కడి వైపు వెదకాలంటే తరీమ్ పట్టణంలోని అహ్కాఫ్ గ్రంథాలయంలో చేతిరాత ప్రతులున్నాయి. గల్ఫ్‌లో ఉన్న మీ తెగ పెద్దల దగ్గర నసబ్ (వంశావళి) పుస్తకాలు ఉండొచ్చు. వాళ్లకు పంపే ఉత్తరంలో తార్నాకలో దొరికిన జీతాల పట్టీ నకలు, జమేదార్ పేరు, హిజ్రీ తేదీ జతచేయండి. వాళ్లు తమ నసబ్‌తో పోల్చి చూసుకోవడానికి ఆ మూడూ కావాలి.